మేడ్ ఇన్ హెవెన్: పదహారు ఎపిసోడ్లలో ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు

మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఆ పెళ్లిళ్ల సిరీస్ పదహారు ఎపిసోడ్లూ చూసే ఓపిక నాకు లేదు, ఆదివారం ఒక్కటే ఖాళీ, మంచివి ఏవో చెప్పు, అవి చూసి ఊరుకుంటా" అంది. మామూలుగా ఎవరైనా ఇలా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. నవలలో మంచి పేజీలు ఏవో చెప్పమన్నట్టు ఉంటుంది కదా. కానీ మేడ్ ఇన్ హెవెన్ విషయంలో అది అడగాల్సిన ప్రశ్నే. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక పెళ్లి మొదలై, ఏదో ఒక గొడవ బయటపడి, అయితే తాళి కట్టడంతోనో, లేదంటే పీటల మీంచి లేవడంతోనో ముగుస్తుంది. ఆ పెళ్లి వరకూ విడిగా చూసినా అర్థమవుతుంది. విడిగా అర్థం కానిది ఆ పెళ్లి చేయించే వాళ్ల కథ. అసలు ఎంపిక వచ్చేది అక్కడే.

ముందే చెప్తున్నా, కథలు కొన్ని బయటపెట్టకుండా ఈ పోలిక రాయడం నా వల్ల కాదు. ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ పెట్టుకుని చూసేసి, తర్వాత ఇక్కడికి రండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జోయా అఖ్తర్, రీమా కాగ్తీ తయారుచేసిన హిందీ సిరీస్ ఇది. అమెజాన్ ప్రైమ్‌లో మొదటి సీజన్ 2019 మార్చి 8న తొమ్మిది ఎపిసోడ్లతో వచ్చింది, రెండోది నాలుగేళ్లు పైగా ఆగి 2023 ఆగస్టు 10న ఏడు ఎపిసోడ్లతో వచ్చింది. ఢిల్లీలో తారా ఖన్నా, కరణ్ మెహ్రా అనే ఇద్దరు స్నేహితులు కోటీశ్వరుల పెళ్లిళ్లు చేయించే కంపెనీ నడుపుతుంటారు. తార మన శోభిత ధూళిపాళ. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన అమ్మాయి ఢిల్లీ పెద్దింటి కోడలిగా ఆ చీరలు, ఆ మాట, ఆ గాంభీర్యం ఎక్కడ పట్టిందో గానీ ఒక్క సీన్‌లోనూ తేడా కనిపించదు. కరణ్ పాత్ర చేసిన అర్జున్ మాథుర్ 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీకి ఉత్తమ నటుడిగా నామినేట్ అయ్యాడు. కరణ్ గే. ఆ సంగతి కొందరికి తెలుసు, ఇంట్లోవాళ్లకు చెప్పలేదు, నెత్తి మీద అప్పు. తార పేదింటి నుంచి వచ్చి తన బాస్‌నే పెళ్లి చేసుకుంది, ఇప్పుడు ఆ మొగుడు తార స్నేహితురాలితోనే తిరుగుతున్నాడు. వీళ్లు రోజూ పొద్దున్నే లేచి ఇంకొకరి పెళ్లికి పూలు సర్దాలి.

నేను మంచి ఎపిసోడ్ అనేది దేన్నంటే, ఆ వారం పెళ్లిలో జరిగే తప్పులో ఈ పెళ్లి చేయించే వాళ్ల చెయ్యి కూడా మట్టిలో పడాలి. కట్నం తప్పు, కులం చూడటం తప్పు, రంగు చూడటం తప్పు అని చెప్పడానికి గంట సినిమా అక్కర్లేదు, ఆటో వెనక రాసినా సరిపోతుంది. ఆ తప్పు జరుగుతుంటే బిల్లు కోసం నోరు మూసుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో చూపించినప్పుడే ఈ సిరీస్‌ మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ లెక్కన నా మొదటి ఓటు మొదటి సీజన్‌లోని రాజవంశం పెళ్లికి. పేరు ‘ఎ రాయల్ అఫైర్’. రాజుల కుటుంబం, పెద్ద కోట, మర్యాదలకు లోటు లేదు. అక్కడ మెహందీ పెట్టడానికి వచ్చిన చిన్నపిల్ల మీద మగపెళ్లివారి పెద్దమనిషి చెయ్యి వేస్తాడు. తర్వాత జరిగేదంతా మనకు బాగా తెలిసిన వ్యవహారమే. ఎవరూ పెద్దగా అరవరు. పిల్ల తల్లిదండ్రులకు డబ్బు ముడుతుంది. పెళ్లికూతురికి కూడా సంగతి తెలుస్తుంది, అయినా పెళ్లి ఆగదు. నాకు ఒళ్లు జలదరించింది ఆ పెద్దమనిషిని చూసి కాదు. అలాంటివాళ్లు ఏ బంధువుల పెళ్లిలోనైనా ఒకడు ఉంటాడు, ఆడపిల్లలున్న తల్లులకు వాడి పేరు ముందే తెలిసి ఉంటుంది. ఆ గొడవ చుట్టూ ఉన్న పని చూసి ఒళ్లు జలదరించింది. విడిది, వంటలు, దీపాలు, బరాత్ టైం, ఏదీ ఒక్క నిమిషం ఆగదు. మన ఇళ్లలోనూ ఇంతేగా, "ముందు ఈ శుభకార్యం కానివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత ఎప్పుడూ రాదు. న్యాయం జరిగి తృప్తిగా పడుకోవాలనుకునే రోజున ఈ ఎపిసోడ్ పెట్టుకోకండి, నిద్ర పట్టదు.

దానికి పూర్తిగా ఎదురుగా నిలిచేది నాలుగో ఎపిసోడ్, ‘ది ప్రైస్ ఆఫ్ లవ్’. ఎక్కువమంది ఇష్టపడేది ఇదే, నేను ఒకే ఒక్కటి చెప్పమంటే చెప్పేదీ ఇదే. రాజుల పెళ్లి నాకు ఎక్కువ నచ్చిన మాట నిజమే గానీ, మొదటిసారి చూసేవాళ్లకు దీనికంటే మంచి దారి లేదు. ఐఏఎస్ పెళ్లికొడుకు, చదువుకున్న ప్రియాంక, ఇద్దరూ ఇష్టపడి చేసుకుంటున్న పెళ్లి. కట్నం లేదనే అమ్మాయి నమ్మకం. వెనకాల పెద్దల బేరం వేరే నడుస్తుంది. పెళ్లి వేళకు సంగతి తెలిసి అమ్మాయి లేచి వెళ్లిపోతుంది. శ్వేతా త్రిపాఠి చేసింది ఆ పాత్ర. కోపంతో ఊగిపోదు, ఉపన్యాసం ఇవ్వదు, లెక్క తప్పిందని గమనించిన మనిషిలా ఉంటుంది.

దీన్ని నేను మా అమ్మతో కలిసి చూశాను. మధ్యలో అమ్మ రిమోట్ తీసుకుని ఆపింది. నీళ్లు తాగడానికేమో అనుకున్నా. కాదు, ఊరికే కూర్చుంది. కాసేపయ్యాక, "మా నాన్న కూడా ఇవ్వలేదు అనే చెప్పాడు, కాలవ పక్క ఎకరం ఏమైందో నేను పెళ్లైన ఆరేళ్లకు అడిగాను" అంది. మళ్లీ ప్లే నొక్కింది. ఆ ఎకరం సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మన వైపు దీన్ని కట్నం అని పిలిచేవాళ్లు తగ్గిపోయారు కదా, లాంఛనాలు అంటారు, "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది" అంటారు, పసుపు కుంకుమ కింద అంటారు. 1961 నుంచి చట్టం ఉంది, పేర్లు మాత్రం కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఐఏఎస్ అల్లుడికి ఎంత పలుకుతుందో తెలియని తెలుగు ఇల్లు ఉంటుందా? అందుకే ఢిల్లీ కథైనా ఇది మన పక్కింట్లో జరిగినట్టు తగులుతుంది.

ఇక రెండో సీజన్‌లో దీంతో పోటీ పడేది ఐదో ఎపిసోడ్, ‘ది హార్ట్ స్కిప్డ్ ఎ బీట్’. నీరజ్ ఘయ్వాన్ తీశాడు. రాధికా ఆప్టే చేసిన పల్లవి మెంకే దళిత స్త్రీ, అమెరికాలో పేరున్న యూనివర్సిటీలో ప్రొఫెసర్, రచయిత్రి. పెళ్లికొడుకు వాళ్లు ఉదారులు, చదువుకున్నవాళ్లు, కులం పట్టింపు లేదంటారు. కానీ ఆమె బౌద్ధ పద్ధతిలో కూడా పెళ్లి జరగాలి అనగానే ఆ ఉదారత కాస్త సర్దుకుని కూర్చుంటుంది. ఇష్టం లేదని ఎవరూ ముఖాన చెప్పరు, ఇప్పుడు అవసరమా అన్నట్టు మాట్లాడతారు. ఆ "అవసరమా" అనే ధోరణిని ఇంత సన్నగా పట్టుకున్న సీన్లు మన తెరల మీద తక్కువ. ఆ తర్వాత తెల్ల చీరలో పల్లవి, బుద్ధుడి విగ్రహం, అంబేడ్కర్ ఫోటో ఎదుట జరిగే పెళ్లి. అప్పటిదాకా సిరీస్ నిండా లక్షల రూపాయల లెహంగాలు, పూల పందిళ్లు చూసి చూసి ఉన్న కంటికి ఆ తెలుపు ఒక్కసారిగా హాయిగా ఉంటుంది. అంబేడ్కర్ మనవడు ప్రకాశ్ అంబేడ్కర్ ఈ ఎపిసోడ్‌ను బాహాటంగా మెచ్చుకున్నారు. అదే సమయంలో రచయిత్రి యశికా దత్ ఇందులో తన జీవితం, తన రాతలు కనిపిస్తున్నాయని, తనకు మాత్రం గుర్తింపు ఇవ్వలేదని చెప్పారు, తీసినవాళ్లు ఒప్పుకోలేదు. దళితురాలి పాత్రకు దళిత నటిని ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్నా వచ్చింది. చూసేముందు ఈ రెండూ తెలిసి ఉండటం మంచిది, తెలిసినంత మాత్రాన ఎపిసోడ్ బలం తగ్గలేదు నాకు.

ఈ రెండిట్లో ఏది ముందు? ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటే నాలుగోది. అందులో తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు, ప్రేమతోనే కూతురిని మోసం చేస్తారు, దాని మీద ఇంట్లో మాట్లాడుకోవచ్చు. "మాకలాంటి పట్టింపులు లేవండీ" అని రెండుసార్లు చెప్పుకునే స్నేహితులు మీకుంటే వాళ్లతో కలిసి ఐదోది చూడండి. ఒక తేడా మాత్రం ఉంది. పల్లవి పెళ్లిలో తార, కరణ్‌లకు చేయడానికి పెద్దగా పని లేదు, వాళ్లు ఏర్పాట్లు చేసే మనుషులుగానే ఉంటారు. నా కొలత ప్రకారం అది లోటే. మిగతా సిరీస్‌తో పని లేకుండా ఒక సినిమాలా చూసేయడానికి మాత్రం అదే వీలు.

అమ్మానాన్నలతో చూడొచ్చా అని చాలామంది అడుగుతారు. సూటిగా చెప్పాలంటే, రిమోట్ మీ చేతిలో ఉంటేనే. ఇది పెద్దల సిరీస్, పెళ్లి కథ ఎంత పద్ధతిగా నడుస్తున్నా మధ్యలో పడకగది ఎప్పుడు వస్తుందో చెప్పలేం, సోఫాలో అందరూ ఒకేసారి ఫోన్లు చూసుకోవాల్సి వస్తుంది. అయినా పెద్దవాళ్లకు చూపించి తీరాలి అనిపించేది ఒకటుంది. మొదటి సీజన్ ‘ఇట్స్ నెవర్ టూ లేట్’లో దీప్తి నావల్, వయసు మళ్లాక మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకునే విధవరాలు. పిల్లలకు అది మింగుడు పడదు. వాళ్ల అభ్యంతరంలో పరువు ఎంత, ఆస్తి ఎంత, నిజంగా నాన్న మీద బెంగ ఎంత అనేది మీరు తేల్చుకోవాలి. దీప్తి నావల్ నవ్వులో ఇంకా కొంచెం సిగ్గు మిగిలి ఉంటుంది, ఆ సిగ్గు కోసం చూడొచ్చు. మా ఇంట్లో అయితే ఇది అయ్యాక ఎవరూ మాట్లాడలేదు, లేచి అన్నాలకు వెళ్లిపోయారు. అదీ ఒక రకం స్పందనే అనుకుంటా.

జాతకం గొడవ ఇంట్లో నడుస్తున్నవాళ్లకు మొదటి సీజన్‌లో ఇంకోటి ఉంది. బాగా చదువుకున్న అమ్మాయికి మాంగలిక్ దోషం, అంటే మన కుజ దోషం ఉందని, పరిహారంగా ముందు చెట్టుతో పెళ్లి చేయాలంటారు. మంచి విషయమే, కానీ నాకు కాస్త తేలిగ్గా పోనిచ్చినట్టు అనిపించింది. దోషం ఉందని పదేళ్లు సంబంధాలు వెనక్కి వెళ్లిన అమ్మాయి ఇంట్లో ఉండే బరువు ఇందులో రాలేదు.

కరణ్ కథ మాత్రం ఏరుకుని చూసే రకం కాదు. దానికోసమే సిరీస్ మొదలుపెడుతున్నట్టయితే ఈ జాబితా మర్చిపోయి మొదటి సీజన్ వరుసగా చూడండి. ఇంటి ఓనరు గుప్తా (వినయ్ పాఠక్) దొంగచాటుగా తీసిన వీడియోతో కరణ్ అరెస్టవుతాడు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 కింద. ఆ ఓనరు మనసులో ఏముందో మనకు మెల్లగా తెలుస్తుంది, అప్పుడు వాడి మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాదు. కరణ్ చిన్నప్పటి స్కూలు కథ, అతను తన స్నేహితుడికి చేసిన ద్రోహం, పెద్దయ్యాక ఆ స్నేహితుడిగా విక్రాంత్ మాసే రావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకలు, మధ్యలోది లాగితే నిలబడదు. సిరీస్ వచ్చేసరికి ఆ సెక్షన్‌లో ఇష్టపూర్వక సంబంధాలను నేరం చేసే భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే కొట్టేసింది. కథలో కరణ్ కోర్టుకెక్కేటప్పటికి ఆ తీర్పు ఇంకా రాలేదు. చూసే మనకు తెలిసిన తీర్పు అతనికి తెలియదు, ఆ ఎపిసోడ్లలో ఏడుపొచ్చేది అందుకే.

వదిలేయొచ్చు అనేవి కూడా చెప్పేయాలి కదా. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ ‘స్టార్ స్ట్రక్ లవర్స్’, లూధియానా పెళ్లి, సినిమా స్టార్‌గా పుల్కిత్ సమ్రాట్. సరదాగా పోతుంది, పోయాక ఏమీ మిగలదు. పనిచేస్తూ పక్కన పెట్టుకుంటే చాలు. ఇన్‌స్టాగ్రామ్ కోసమే పెళ్లి చేసుకుంటున్నట్టుండే పెళ్లికూతురి ఎపిసోడ్ కూడా అంతే, నవ్వొస్తుంది గానీ అలాంటి అమ్మాయిని వెక్కిరించడం మరీ సులువైన పని. పైగా ఇప్పుడు మన దగ్గరే హల్దీకి పసుపు బట్టలు, సంగీత్‌కు కొరియోగ్రాఫర్, పెళ్లికి ముందు డ్రోన్ షూట్ అయ్యాక ఆ వెక్కిరింపు పాతబడిపోయింది. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ ‘మిర్రర్, మిర్రర్’, పెళ్లికూతురు తెల్లబడటానికి చేయించుకునే చికిత్సల గురించి. అవసరమైన విషయమే, కానీ ప్రతి పాత్రా వ్యాసంలో ఒక్కో పేరా చదివినట్టుంది. ఆ తర్వాతి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ దానికంటే చాలా నయం. మృణాల్ ఠాకూర్ చేసిన అమ్మాయికి అన్నీ ఉన్నాయి, కాబోయేవాడు కొడతాడు, అందరికీ తెలుసు, ఆమె వెనక్కి తగ్గదు. ఎందుకు తగ్గదు అనే దాన్ని విప్పి చెప్పకుండా వదిలేశారు, అది బాగుంది.

అసలు రెండు సీజన్ల మధ్య తేడా కూడా ఇదే. మొదటి దాంట్లో ముందు మనుషులు, వాళ్లలోంచి సమస్య. రెండో దాంట్లో చాలా చోట్ల ముందు సమస్య, దానికి మనుషుల్ని తెచ్చి అతికించినట్టుంటుంది. అయినా రెండోది పూర్తిగా తీసిపారేయలేను, దానికి కారణం మోనా సింగ్. అప్పిచ్చి కంపెనీలో వాటా పట్టేసిన జౌహరి (విజయ్ రాజ్) భార్య బుల్‌బుల్‌గా లెక్కలు చూడటానికి ఆఫీసుకొస్తుంది. మొదట్లో ప్రతి రూపాయికీ రసీదు అడిగే చిరాకు మనిషి. తర్వాత ఆమె గతం తెలుస్తుంది, కొడుకు స్కూల్లో చేసిన వెధవ పని బయటపడుతుంది, తన కొడుకునే తప్పుపట్టాల్సిన చోట నిలబడుతుంది. తారా వాళ్ల విడాకుల బేరం కంటే నాకు ఈమె ఇంటి గొడవే ఎక్కువ పట్టింది. ఇంకా ఆ సీజన్‌లో త్రినేత్ర హల్దార్ గుమ్మరాజు చేసిన మెహెర్ ఉంది. ట్రాన్స్ స్త్రీ పాత్రను ట్రాన్స్ స్త్రీయే చేయడం వల్ల ఆ సీన్లలో ఎక్కడా నటిస్తున్నట్టు ఉండదు.

ఒక చిన్న సలహా. చాలా ఎపిసోడ్ల చివర వీడియోలు తీసే కబీర్ గొంతు వచ్చి, మనం ఇప్పుడే చూసినదాని అర్థం మనకే చెప్తుంది. మంచి ఎపిసోడ్లకు అది అక్కర్లేదు, బలహీనమైనవాటిని అది కాపాడదు. నేను రెండోసారి చూసినప్పుడు ఆ ఒక్క నిమిషం సౌండ్ తీసేశాను. హాయిగా ఉంది.

ఇప్పుడు లెక్కకొస్తే, ఒక్కో ఎపిసోడ్ గంటకు కాస్త అటూ ఇటూ. మా చెల్లికి నేను చెప్పింది ఇది: ఆదివారం పొద్దున మొదటి ఎపిసోడ్ తప్పదు. ఆ పెళ్లి అంత గొప్పదని కాదు, పెళ్లికూతురి గతం తవ్వించే మగపెళ్లివారు మనం ఎరగనివాళ్లేం కాదు, కానీ తార ఎవరో, కరణ్ ఎవరో అక్కడే తెలుస్తుంది. తర్వాత నాలుగోది. భోజనం చేసి రాజుల పెళ్లి, అది భోజనానికి ముందు పెట్టుకుంటే అన్నం దిగదు. సాయంత్రం రెండో సీజన్ ఐదోది, దానికి ముందూ వెనకా ఏమీ తెలియక్కర్లేదు. అంటే నాలుగు గంటల పైచిలుకు.

మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ మాత్రం ఈ ఆదివారం చూడొద్దన్నాను. అందులో వీళ్ల ఆఫీసును అల్లరిమూక ధ్వంసం చేస్తుంది, తార మొగుడి ఇల్లు వదిలేసి వస్తుంది, ఆ పగిలిన సామాన్ల మధ్య తారా కరణ్ పక్కపక్కన కూర్చుంటారు. మిగతావి చూడకుండా అది చూస్తే విరిగిన కుర్చీలు తప్ప ఏమీ కనిపించవు. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది, నాలుగూ అయిపోయాయట, మధ్యలో వదిలేసినవి ఏ వరుసలో చూడాలో చెప్పమంటోంది.